జబ్బ దగ్గర ఎముక విరిగితే: ఎవరికి జోలె, ఎవరికి ఆపరేషన్?



ఈ నెల ఆరోగ్య పాఠంలో దండచేయి ఎముక భుజం దగ్గర విరిగినప్పుడు చేసే చికిత్స గురించి తెలుసుకుందాము. మన వైపు దీన్ని "జబ్బ విరిగింది" అనీ, "రెక్క విరిగింది" అనీ అంటారు. పొలం గట్టు మీద జారినవారు, కాలువ మెట్ల మీద పడినవారు, మోటారు సైకిలు వెనుక కూర్చుని పడినవారు ఈ దెబ్బతో వస్తుంటారు. గడివేముల, గని, చిందుకూరు, బిలకలగూడూరు ఏ ఊరి వారైనా మా దగ్గరకు వచ్చేటప్పుడు రెండు భయాలలో ఒకటి వెంట తెచ్చుకుంటారు. "విరిగిందంటే ఆపరేషనే, అప్పు చేయక తప్పదు" అనేది ఒకటి. "ఆసుపత్రికి పోతే కోస్తారు, కట్టుకే పోదాం" అనేది రెండవది.

ఈ రెండూ సరికావు. భుజం దగ్గర విరిగిన ఎముకలలో ఎక్కువ భాగం ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటాయి. కొన్నింటికి మాత్రం ఆపరేషన్ తప్పదు, అదీ త్వరగా జరగాలి. ఏది ఏదో చేతితో తడిమి చెప్పలేము. అందుకే మొదటి వారంలోనే ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరుకు చూపించాలి. ఈ పాఠం అంతటిలో ముఖ్యమైన మాట ఇదే.

ఎవరికి ఎక్కువగా విరుగుతుంది?

వయసులో ఉన్నవారికి పెద్ద ప్రమాదంలోనే ఈ ఎముక విరుగుతుంది. 60 ఏళ్ళు దాటిన తల్లులకు అంత దెబ్బ అక్కరలేదు. నడుస్తూ నడుస్తూ కాలు జారి, చేయి ఆనించి పడినా చాలు. నెలసరి ఆగిన తరువాత స్త్రీల ఎముకలలో పటుత్వం తగ్గుతుంది. అందుకే పురుషులకంటే స్త్రీలలో ఈ దెబ్బ రెండు మూడు రెట్లు ఎక్కువ. పెద్ద వయసువారిలో తుంటి, మణికట్టు విరగడం తరువాత ఎక్కువగా కనిపించేది ఇదే.

భుజం ఎలా ఉంటుంది?

దండచేయి ఎముక పై చివర గుండు లాగా ఉంటుంది. అది రెక్క ఎముకకు ఉన్న చిన్న పల్లెంలాంటి గుంటలో తిరుగుతుంది. గుండు పక్కనే ఒక పెద్ద బుడిపె, ఒక చిన్న బుడిపె ఉంటాయి. నాలుగు కండరాల నరాలు ఆ బుడిపెలను పట్టుకుని ఉంటాయి. చేయి పైకి ఎత్తడానికి, తిప్పడానికి అవే ఆధారం. ఇక కింద ఉన్నది ఎముక కాడ. గుండు, పెద్ద బుడిపె, చిన్న బుడిపె, కాడ - ఈ నాలుగు భాగాలను గుర్తుంచుకుంటే డాక్టరు చెప్పేది సులభంగా అర్థమవుతుంది.

1970లో న్యూయార్కుకు చెందిన డాక్టర్ చార్లెస్ నీర్ ఈ నాలుగు భాగాలను బట్టే విరుగుళ్ళను విభజించారు. ఒక భాగం తన చోటు నుండి 1 సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కంటే ఎక్కువ వంగినా దాన్ని చెదిరిన ముక్కగా లెక్కిస్తారు. ఎన్ని చోట్ల పగులు ఉన్నా, ఏదీ అంతగా జరగకపోతే అది "ఒక భాగపు విరుగుడు". ఈనాటికీ డాక్టర్లు "రెండు భాగాలు", "మూడు భాగాలు", "నాలుగు భాగాలు" అని చెప్పేది ఈ లెక్క ప్రకారమే. కాబట్టి "నాలుగు పగుళ్ళు ఉన్నాయంట" అని విని కుంగిపోకండి. "ముక్కలు చెదిరాయా, లేదా?" అని అడగండి.

పడిన వెంటనే ఏమి చేయాలి?

1. ఆ చేతి గాజులు, ఉంగరాలు వెంటనే తీయండి. గంట గడిస్తే చేయి వాచి అవి బిగుసుకుంటాయి. అప్పుడు కోసి తీయాల్సి వస్తుంది.

2. మోచేయి వంచి, చేతిని ఛాతీకి ఆనించి, తువాలుతోగానీ పాత చీర గుడ్డతోగానీ మెడకు జోలె కట్టండి. మరో గుడ్డతో చేతిని ఒంటికి వదులుగా చుట్టండి.

3. నూనె పెట్టి తోమకండి. చేయి పట్టి లాగకండి. "కీలు తప్పింది, సరిచేస్తాను" అనేవారికి చేయి అప్పగించకండి. విరిగిన ఎముకను లాగితే చంక దగ్గరి రక్తనాళం, నరం దెబ్బతినవచ్చు.

4. వేళ్ళను చూడండి. చల్లబడి పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు కదలకపోయినా, ఎముక చర్మం చీల్చుకుని బయటకు వచ్చినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి. జబ్బ బయటివైపు చర్మం మొద్దుబారితే అది కూడా డాక్టరుకు చెప్పాలి.

5. చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఏ మాత్రలు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి.

రెండు మూడు రోజులకు మోచేయి వరకు, ఒక్కొక్కసారి ఛాతీ మీదికి కూడా నల్లగా కమిలిన మచ్చ దిగుతుంది. అది చూసి "చేయి కుళ్ళిపోతోంది" అని చాలామంది భయపడతారు. అది ఎముక దగ్గర కారిన రక్తం చర్మం కింద కిందికి జారడమే. మెల్లగా దానంతట అదే పోతుంది.

కట్టు సంగతి

రాయలసీమలో ఎముక విరిగిందంటే మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. పుత్తూరు దగ్గరి రాచపాలెంలో నూరేళ్ళకు పైగా ఒక కుటుంబం వారు తరతరాలుగా కట్టు కడుతున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు వాడే ఆ వైద్యం మీద మన ప్రజలకు గురి ఉంది. ఆ గురిని మేము చిన్నచూపు చూడము. ముంజేయి, కాలు వంటి చోట్ల బద్దలు పెట్టి కదలకుండా ఉంచితే ఎముక అతుక్కోవడం సహజమే. దేవుడు ఎముకకు ఆ గుణం ఇచ్చాడు.

కానీ భుజం సంగతి వేరు. గుండు గుంటలో నుండి జారి, దాంతోపాటు ఎముక విరిగి ఉంటే పైనుండి ఏ కట్టు కట్టినా గుండు లోపలికి వెళ్ళదు. భుజం చుట్టూ కండ ఉంటుంది కాబట్టి బద్దలు అక్కడ ముక్కలను పట్టి ఉంచలేవు. పైగా చేతిని ఆరు వారాలు ఒంటికి బిగించి కట్టేస్తే భుజం బిగుసుకుపోతుంది. బిగించిన కట్టు కింద వేళ్ళు నల్లబడితే చేతికే ముప్పు.

ఊళ్ళలో పేరు లేకుండా కట్టు కట్టేవారు కూడా ఉన్నారు. ఎవరి దగ్గరకు వెళ్ళాలనుకున్నా, ముందు ఎక్స్‌రే తీయించండి. మేము కోరేది అంతే. కట్టు కట్టించుకుని నెల తరువాత వచ్చే తల్లులకు, మొదటి వారంలో చేయగలిగిన మేలు చేయలేకపోతాము. మూడు వారాలు దాటితే ముక్కలు తప్పుగా అతుక్కోవడం మొదలవుతుంది. ఆపై ఆపరేషన్ కష్టమవుతుంది, ఫలితమూ తగ్గుతుంది.

ఎక్స్‌రే ఒక్క కోణంలో చాలదు. ముందు నుండి తీస్తే గుండు స్థానంలోనే ఉన్నట్లు కనిపించి, పక్క నుండి తీస్తే వెనుకకు జారినట్లు తెలియవచ్చు. అందుకే రెండు మూడు కోణాల్లో తీస్తారు. ముక్కలు ఎక్కువగా ఉంటే సి.టి. స్కాను కూడా అడుగుతారు. డబ్బు గుంజడానికి కాదు, ఏది ఎక్కడ ఉందో చూడడానికే.

ఆపరేషన్ లేకుండా నయమయ్యేవి

పదిమందిలో సుమారు ఎనిమిదిమందికి ముక్కలు పెద్దగా చెదరవు. వారికి జోలె, నొప్పి మాత్రలు, తరువాత వ్యాయామం - ఇవే చికిత్స. మొదటి రెండు మూడు వారాలు వారం వారం ఎక్స్‌రే తీసి ముక్కలు జరగలేదని చూసుకుంటారు.

కొంత చెదిరిన ఎముకకు కూడా ఆపరేషనే మేలని పూర్వం అనుకునేవారు. ఈ సంగతి తేల్చడానికి బ్రిటన్‌లో 32 ఆసుపత్రులు కలిసి 250 మంది రోగులను పరిశీలించాయి. సగంమందికి ఆపరేషన్ చేశారు, సగంమందికి జోలె, వ్యాయామం ఇచ్చారు. 2015లో ఆ ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళ తరువాత చూస్తే రెండు గుంపుల వారి చేతులు ఇంచుమించు ఒకే విధంగా పనిచేస్తున్నాయి. ఐదేళ్ళ తరువాత కూడా అంతే. అయితే గుండు జారినవారిని, ఎముక బయటికి వచ్చినవారిని, ఆపరేషన్ తప్పనిసరి అని స్పష్టంగా తెలిసినవారిని అందులో చేర్చలేదు. ఈ మాట మరువకూడదు.

కాబట్టి "ఆపరేషన్ అక్కరలేదు" అని డాక్టరు చెబితే, "మేము పేదవాళ్ళమని చిన్న వైద్యంతో సరిపెట్టారు" అని అనుకోకండి. ఉన్నవారికైనా, లేనివారికైనా అదే సరియైన వైద్యం.

ఆపరేషన్ ఎవరికి అవసరం?

- గుండు గుంటలో నుండి జారి, ఎముక కూడా విరిగి, లోపలికి చేర్చడం వీలు కానివారికి.
- గుండే రెండుగా చీలినవారికి.
- ఎముక చర్మం చీల్చుకుని బయటపడినవారికి, చేతి రక్తనాళం దెబ్బతిన్నవారికి. వీరికి గంటలే ముఖ్యం.
- పెద్ద బుడిపె అర సెంటీమీటరు కంటే ఎక్కువ పైకి జరిగినవారిలో చాలామందికి. అలాగే వదిలేస్తే చేయి ఎత్తినప్పుడు పైఎముకకు తగులుతుంది.
- వయసులో ఉండి, బరువు పనిచేసేవారిలో ముక్కలు బాగా చెదిరినప్పుడు.
- పెద్దవారిలో మూడు నాలుగు ముక్కలై బాగా చెదిరినప్పుడు కొందరికి. ఇక్కడ వయసు, ఎముక బలం, ఇంటి పరిస్థితి అన్నీ చూసి నిర్ణయిస్తారు.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

తీగలు, కుట్లు: ముక్కలు తక్కువ ఉండి ఎముక గట్టిగా ఉంటే సన్నని ఉక్కు తీగలతోగానీ స్క్రూలతోగానీ పట్టి ఉంచుతారు. బుడిపెలను గట్టి దారంతో కండర నరాలకు కలిపి కుడతారు.

ప్లేటు: ఎక్కువగా చేసేది ఇదే. భుజం ముందువైపు కోసి, ముక్కలను సర్ది, పక్కన ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. ఉప్పు పట్టిన గోడలో మామూలు మేకు నిలవదు కదా, అలాగే మెత్తబడిన ఎముకలో మామూలు స్క్రూ వదులవుతుంది. అందుకని స్క్రూ తల ప్లేటులోనే మరలతో బిగుసుకునేలా చేసిన లాకింగ్ ప్లేట్లు ఇప్పుడు వాడుతున్నారు. అవి వచ్చాక పెద్దవారికి చేయడం సులభమైంది. అయినా ఒక్కొక్కసారి గుండు కుంగి, స్క్రూ మొన కీలులోకి పొడుచుకుని రావచ్చు. ఆపరేషన్ తరువాత కూడా ఎక్స్‌రేలకు రమ్మనడం ఇందుకే. ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే తీయనక్కరలేదు.

రాడ్డు: గుండు కింద కాడ దగ్గర విరిగినప్పుడు కొందరికి ఎముక లోపల రాడ్డు వేస్తారు.

కీలు మార్పిడి: గుండుకు రక్తం అందే దారులు తెగిపోతే, ప్లేటు వేసినా గుండు క్రమంగా చచ్చుబడవచ్చు. పెద్ద వయసువారిలో గుండు అతికే స్థితిలో లేకపోతే లోహపు గుండు వేస్తారు. 1985లో ఫ్రాన్సు దేశపు డాక్టర్ పాల్ గ్రామోంట్ మరో ఉపాయం ప్రవేశపెట్టారు. గుండును రెక్క ఎముక వైపు, గుంటను దండచేయి వైపు, తిరగేసి అమర్చారు. దీనితో బుడిపెల కండరాలు పాడైనా భుజం పైకండరం బలంతోనే చేయి లేస్తుంది. 70 ఏళ్ళు దాటినవారికి కీలు మార్చవలసి వస్తే ఇప్పుడు ఎక్కువగా ఈ పద్ధతినే ఎంచుకుంటున్నారు. ఇది అన్ని చోట్లా చేసే ఆపరేషన్ కాదు, ఖర్చు కూడా ఎక్కువే.

ప్రతి ఆపరేషన్‌కూ కొంత అపాయం ఉంటుంది. చీము పట్టడం, నరం దెబ్బతినడం, ఎముక అతకకపోవడం, భుజం బిగియడం జరగవచ్చు. సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: "ఆపరేషన్ చేయకపోతే నా చేయి ఎంతవరకు లేస్తుంది? చేస్తే ఎంతవరకు లేస్తుంది? రెండవసారి ఆపరేషన్ అవసరపడే వీలుందా?" ఈ ప్రశ్నలకు ఏ మంచి డాక్టరూ కోపగించుకోరు.

ఖర్చు విషయంలో అప్పుకు పరుగెత్తే ముందు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద మీ ఆపరేషన్ వస్తుందేమో నెట్‌వర్కు ఆసుపత్రి సహాయ కేంద్రంలో అడగండి. రేషను కార్డు, ఆధారు వెంట ఉంచుకోండి. నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా 2023లో వైద్య కళాశాల ప్రారంభమైంది. కర్నూలు పెద్దాసుపత్రి సరేసరి.

ఆపరేషన్‌కు ముందు

షుగరు, బి.పి. అదుపులో ఉండాలి. షుగరు ఎక్కువుంటే చీము పట్టే అవకాశం పెరుగుతుంది. గుండెకు రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు సొంతంగా ఆపకండి, సొంతంగా మింగకండి. డాక్టరును అడగండి. బీడీ, చుట్ట, గుట్కా మానండి. పొగాకు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. చంకలో వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకండి. గాటు పడితే అక్కడి నుండే చీము మొదలవుతుంది.

చాలామందికి మెడ పక్కన ఇంజెక్షను ఇచ్చి చేయి మొద్దుబారేలా చేస్తారు. ఆపరేషన్ అయ్యాక అర రోజు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువసేపు చేయి కదలదు. "పక్షవాతం వచ్చింది" అని ఏడవనక్కరలేదు. మందు దిగగానే కదలిక వస్తుంది. మొద్దుగా ఉన్నంతసేపు ఆ చేతికి వేడి కాపడం పెట్టకూడదు. కాలినా తెలియదు.

ఇంటి దగ్గర సేవ

రోగికి తోడుగా ఉండే కోడళ్ళు, కూతుళ్ళు, కొడుకులు ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

పడుకోవడం: వెల్లకిలా చదునుగా పడుకుంటే నొప్పి ఎక్కువ. గోడకు బొంతలు, దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్లు పడుకోబెట్టండి. మోచేయి కింద చిన్న దిండు పెట్టండి.

బట్టలు: ముందు గుండీలు ఉన్న వదులు రవికగానీ చొక్కాగానీ వాడండి. తొడిగేటప్పుడు దెబ్బ చేయి మొదట, విప్పేటప్పుడు దెబ్బ చేయి చివర.

చంక శుభ్రత: జోలెలో నెలంతా ఉన్న చేయి చంకలో చెమటతో ఒరుస్తుంది. రోగిని ముందుకు వంచి, చేయి వేలాడనిచ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మెత్తని నూలు గుడ్డ పెట్టండి.

గాయం: కుట్లు సాధారణంగా 10 నుండి 14 రోజులకు తీస్తారు. అంతవరకు తడపకండి. పసుపు, ఆకు పసరు, పొడి ఏదీ చల్లకండి. జ్వరం, ఎర్రదనం, చీము, పెరిగే నొప్పి ఉంటే తేదీ వచ్చేవరకు ఆగక వెంటనే రండి.

తిరగేసిన కీలు వేసినవారు మొదటి మూడు నెలలు ఆ చేతిని నడుము వెనుకకు పెట్టకూడదు, ఆ చేతి మీద బరువు మోపి మంచం నుండి లేవకూడదు. కీలు జారుతుంది.

వ్యాయామమే సగం వైద్యం

మనవారు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి తరచుగా వెళ్తుంటారు. అక్కడ పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీసు 1954లో జరిగిన ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆమె నాయకత్వంలో 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. ఆపరేషన్ గదిలో సరిచేసిన అవయవం మళ్ళీ పనిలోకి రావాలంటే అభ్యాసం కావాలని ఆమె జీవితమే చూపిస్తుంది.

ఆపరేషన్ అయినా కాకపోయినా వ్యాయామం తప్పదు. డాక్టరు అనుమతించిన తరువాతే ఒక్కొక్క మెట్టు ఎక్కండి.

మొదటి రోజు నుండి: వేళ్ళు ముడిచి తెరవడం, గుడ్డ ఉండను పిండడం, మణికట్టు తిప్పడం, మోచేయి చాచి వంచడం. గంటకొకసారి పదిసార్లు.

ఒకటి నుండి మూడు వారాల మధ్య: మంచి చేతితో బల్ల పట్టుకుని ముందుకు వంగి, దెబ్బ చేతిని బావిలో చేద వేలాడినట్లు వదిలి, మెల్లగా ఊపడం. ఊపు ఒంటి నుండి రావాలి, భుజం నుండి కాదు.

మూడు నుండి ఆరు వారాలు: పడుకుని, మంచి చేతితో దెబ్బ చేతిని పట్టుకుని పైకి ఎత్తడం. దూలానికి గిలక కట్టి తాడుతో లాగడం.

ఆరు వారాల తరువాత: సొంత బలంతో ఎత్తడం. గోడ మీద వేళ్ళతో పాకించి, రోజూ చేరిన ఎత్తుకు సుద్దతో గీత గీయండి. గీత పైకి పోతుంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే.

మూడు నెలల తరువాత: డాక్టరు చెప్పాక బరువులు. బిందె మోయడం, కట్టెలు కొట్టడం, మూటలు ఎత్తడం అంతవరకు వద్దు. పూర్తి ఫలితం కనిపించడానికి ఏడాది పట్టవచ్చు.

వ్యాయామంలో నొప్పి కొంత ఉంటుంది. "అవ్వకు నొప్పిగా ఉంది, వదిలేద్దాం" అని జాలిపడి మానిపించకండి. ఆ జాలి వల్ల తల దువ్వుకోలేని, కొంగు సర్దుకోలేని చేయి మిగులుతుంది. నొప్పి మాత్ర వేసిన అరగంటకు చేయిస్తే ఓర్చుకుంటారు.

మరొకసారి విరగకుండా

నడుస్తూ పడితేనే ఎముక విరిగిందంటే ఎముకలు బలహీనమయ్యాయని అర్థం. ఇప్పుడు జాగ్రత్తపడకపోతే రేపు తుంటి విరగవచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష గురించి, కాల్షియం, విటమిన్ డి, ఎముకలు గట్టిపడే మందుల గురించి డాక్టరును అడగండి. మన రాగులను విడవకండి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాగి సంకటి, పాలు, మజ్జిగ, ఆకుకూరలు తినండి. రోజూ కాసేపు ఎండ తగలాలి. స్నానాల గది బండల నాచు గీకించండి. రాత్రి లేచే పెద్దవారికి చిన్న దీపం ఉంచండి. కంటి శుక్లాలు ఉంటే తీయించండి.

వాక్య ధ్యానము

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని సంగతి మనకందరికీ తెలుసు. అతడు గాయాలు కట్టాడు. అక్కడితో తన పని అయిపోయిందనుకోలేదు. తన వాహనం మీద ఎక్కించి తీసుకుపోయాడు. పూటకూళ్ళ ఇంట్లో దగ్గరుండి చూసుకున్నాడు. తరువాతి సేవకు కూడా ఏర్పాటు చేసి వెళ్ళాడు. మన సంఘంలో ఎవరైనా పడితే కట్టుతో ఆగక, ఎక్స్‌రేకు తీసుకువెళ్ళేవారు, వారం వారం తోడు వచ్చేవారు, పక్కన కూర్చుని వ్యాయామం చేయించేవారు కావాలి. స్త్రీల సహవాసం వారు, యవ్వనస్థులు ఈ సేవను వంతులవారీగా చేపట్టమని కోరుతున్నాము.

ప్రశ్నలు - జవాబులు (ఇంట్లో చదివి చెప్పుకొనండి)

1. పడిన వెంటనే చేతి నుండి ఏవి తీయాలి? - గాజులు, ఉంగరాలు.
2. ఎక్స్‌రే ఎప్పటిలోగా? - వీలైతే ఆ రోజే, ఆలస్యమైనా మొదటి వారంలోనే.
3. ఎముక విరిగిన ప్రతివారికీ ఆపరేషన్ కావాలా? - లేదు. ఎక్కువమందికి జోలె, వ్యాయామం చాలు.
4. వేళ్ళు చల్లబడి పాలిపోతే? - వెంటనే 108.
5. ఆపరేషన్ అయితే వ్యాయామం అక్కరలేదా? - ఆపరేషన్ అయినా కాకపోయినా తప్పదు.

మీ చేతుల పనిని ప్రభువు దీవించును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది